పాదాల పీట

తెల్లవారి ఐదున్నర ప్రాంతంలో మా మనవరాలు ముందు కాళ్ళు కదిపేది, తర్వాత కళ్ళు తెరిచేది. ఆ రెంటికీ మధ్య ఒక్క నిమిషం, మహా అయితే రెండు. ఆ కాస్త సమయంలోనే నేను లేవాలి. రాత్రంతా పాలిచ్చి అప్పుడే కన్నంటిన నా కూతురికి మెలకువ రాకుండా, ఉయ్యాలలోంచి పిల్లను రెండు చేతులా ఎత్తుకుని, లైటు వెయ్యకుండా బాత్‌రూమ్‌లోకి నడిచి, గోడవారగా వేసి ఉంచిన చెక్కపీట మీద కూర్చునేవాణ్ణి. కాళ్ళు ముందుకు చాపి, పాదాలు రెండూ బెత్తెడు ఎడం చేసి, వాటి మీద పిల్లను కూర్చోబెట్టాలి. దాని తొడలు నా పాదాల మీద ఉండాలి, ముడ్డి ఆ సందులోకి దిగాలి, వీపు నా కాళ్ళకు ఆనాలి. చంకల కింద నా చేతులు, మెడ వెనక నా బొటనవేళ్ళు. అప్పుడు పెదాలు దగ్గరికి చేర్చి, సన్నగా, "ఉస్స్..."

రెండో ఉస్సుకో మూడో ఉస్సుకో వెచ్చటి ధార నా మడమల మధ్య నేల మీద పడేది. పిల్ల ఒళ్ళు ఒక్కసారి జలదరించేది. ధార ఆగాక తల వెనక్కి వాల్చి, తలకిందులుగా నా మొహంలోకి చూసేది. కిటికీలోంచి వచ్చే ఆ కొద్ది వెలుతురులో దాని కళ్ళు మెరిసేవి. మగ్గుతో నీళ్ళు పోసి నేలంతా కడిగి, పిల్లను తుడిచి, పొడి గుడ్డ చుట్టి భుజాన వేసుకుని బయటికి వస్తే హెచ్‌ఎంటీ నగర్ వీధిలో పాలవాడి బండి చప్పుడు వినిపించేది.

అప్పటికి దానికి నాలుగు నెలలు, నాకు అరవై రెండేళ్ళు. నా జీవితంలో నేను ఉచ్చ పోయించిన మొదటి పసిబిడ్డ అదే.

పోయించడం. ఈ పనికి మన భాషలో ఉన్న పేరు అదే. ఎవరూ దీన్ని ఒక పద్ధతి అనుకోలేదు, దానికి పుస్తకం రాయలేదు, పేరు పెట్టలేదు. ఒక మామూలు క్రియ చాలనుకున్నారు. బిడ్డ ఉచ్చ పోస్తుంది, అమ్మ ఉచ్చ పోయిస్తుంది. బిడ్డ తాగుతుంది, అమ్మ తాగిస్తుంది. బిడ్డ నవ్వుతుంది, నాయనమ్మ నవ్విస్తుంది. తినిపించడం, ఆడించడం, నడిపించడం, మాట్లాడించడం. చంటిపిల్ల రోజంతా ఈ 'ఇంచు' చుట్టూ తిరుగుతుంది. చేసేది బిడ్డే, చేయించేది పెద్దవాళ్ళు. ఇద్దరిలో ఒకరు లేకపోయినా ఆ వాక్యం నిలబడదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో చిన్నపిల్లలున్న ఇళ్ళలో వినిపించే మాట వేరు. "డైపర్ మార్చావా?" "డైపర్ నిండిందా?" ఇది మా ఇంట్లోనూ రోజూ అనే మాటే. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. కానీ ఒకరోజు ఆ మాట నా నోటే విన్నాక ఆలోచనలో పడ్డాను. మార్చేది డైపర్‌ను. నిండేది డైపర్. పోసిన బిడ్డ ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఎప్పుడు పోసిందో, పోసే ముందు ఏం చేసిందో, పోశాక ఎలా ఉందో ఆ మాటలో చోటు లేదు.

మా అమ్మకు ఈ తేడా తెలుసు. మా అమ్మాయి పుట్టింది 1993లో. అప్పుడు మేం ఉప్పల్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. స్టేడియం లేదు, మెట్రో లేదు, రింగురోడ్డు మీద ఇంత జనం లేరు. భువనగిరి దగ్గర మా ఊరి నుంచి అమ్మ వరంగల్ రూటు బస్సెక్కి వచ్చి ఉప్పల్‌లో దిగింది. చంకలో ఒక మూట. పాత నేతచీరలు, నాయన పంచెలు చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, చదరంగా మడత పెట్టి కట్టుకొచ్చిన పొత్తిగుడ్డలు అవి. ఎన్నోసార్లు ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ ఎంత సుఖంగా ఉంటుందో ఆ మూటలో చెయ్యి పెడితే తెలిసేది. ఆరు నెలలు ఉంది అమ్మ. ఆ ఆరు నెలల్లో ఆ గుడ్డలు తడిసినవి తడిసినట్టే ఉతికి దండెం మీద వేసేది కానీ, రోజులు గడిచేకొద్దీ దండెం మీద గుడ్డలు తగ్గుతూ వచ్చాయి. పిల్ల పెరిగితే గుడ్డలు పెరగాలి కదా, తగ్గుతున్నాయేమిటని అడిగాను.

"ఇప్పుడు దాని సంగతి నాకు తెలుసు, నా సంగతి దానికి తెలుసు" అంది అమ్మ. "సూడు బిడ్డా, ఆడేది ఆట బంద్ పెట్టి ఊకుందంటే ఏదో వస్తుందన్నట్టు. పాలు తాగుకుంట తాగుకుంట రొమ్మిడిసి గుంజుకుంటే అదీ అంతే. అప్పుడు తియ్యాలె. జరసేపు ఆగితే గుడ్డ ఖరాబ్."

విన్నాను. విని డ్యూటీకి పోయాను. మొదటి షిఫ్టుకు పొద్దున్నే నాచారం పోయి సాయంత్రానికి ఇల్లు చేరేసరికి పిల్లను కడిగి, పౌడరేసి, చుక్క పెట్టి నా చేతికి ఇచ్చేవాళ్ళు. నేను ఆడించేవాణ్ణి, నవ్వించేవాణ్ణి. పోయించడం మాత్రం అమ్మ పని, నా భార్య పని. నా బిడ్డతో మాట్లాడగలిగిన మొట్టమొదటి మాట అదేనని, దాన్ని నేను వదులుకున్నానని ముప్పై ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. ఆ బాధ నాకు నిజంగానే ఉంది.

ఇప్పుడు నేర్చుకోవడానికి కారణం నా భార్య మోకాళ్ళు. ఆమె పీట మీద కూర్చుంటే లేవలేదు. అమ్మాయి పురిటికి మా ఇంటికి వచ్చింది. పిల్లకు రెండు నెలలు నిండాక ఒక మధ్యాహ్నం నా భార్య నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నన్ను పీట మీద కూర్చోబెట్టి చెప్పింది. "పాదాలు అంత బిగబట్టకుండ్రి. మీరు బిగబడితే అదీ బిగబడుతది. మెల్లగ. ఇప్పుడు ఉస్సనుండ్రి. రాకపోతే తీసేయుండ్రి, మళ్ళ చూద్దాం. కూసోబెట్టి సతాయించొద్దు." మా అమ్మ దగ్గర ఆమె నేర్చుకున్నది ఇది. పుస్తకంలో రాస్తే నాలుగు వాక్యాలకు మించదు. చేతికి రావడానికి నాకు నెల పట్టింది.

మొదటి వారం నా లుంగీ మీద, సోఫా మీద, భుజం మీద పోసిందే ఎక్కువ. నాకు పనికొచ్చింది నా పాత వృత్తి. పారిశ్రామికవాడలో ముప్పై రెండేళ్ళు లేత్ మీద పని చేసినవాణ్ణి. టూల్ అంచు అరిగితే ముందు చెవికి తెలుస్తుంది. సన్నగా ఒకే శ్రుతిలో పాడే ఇనుము గరగరలాడుతుంది. తర్వాత కోసి పడే చుట్టల రంగు మారుతుంది. జాబ్ మీద గీత పడేది ఆఖర్న. గీత పడ్డాక చూసేవాడు కొత్తవాడు, చప్పుడు మారగానే చెయ్యి వేసేవాడు టర్నర్. పిల్ల దగ్గరా అదే చేశాను. తడి తగిలాక కాకుండా, అంతకు ముందు ఏం జరిగిందో చూడడం మొదలుపెట్టాను. పోసేముందు అది కుడికాలు రెండుసార్లు ఝాడిస్తుంది. దొడ్డికి వచ్చేముందు చూపు ఒకచోట ఆగిపోతుంది, కనుబొమ్మల దగ్గర ఎర్రబడుతుంది. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగిన పావుగంటకు ఒకసారి. ఇంకో బిడ్డకు ఇంకోలా ఉండొచ్చు. ఈ బిడ్డకు ఇది.

ఇందులో మాయ లేదు, ఒంటి పనితీరే అంత. అప్పుడే పుట్టిన బిడ్డ మూత్రాశయంలో పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. అందుకే రోజుకు ఇరవైసార్ల దాకా పోస్తుంది. పొట్టలోకి పాలు చేరగానే పెద్దపేగు కదలడం మనిషి పుట్టుకతో వచ్చిన స్పందన, పసివాళ్ళలో అది మరీ బలంగా ఉంటుంది. పాలు తాగిన వెంటనే దొడ్డికి పోయేది అందుకే. ఇక నిద్రలో మూత్రం తానై కారిపోతుందని చాలాకాలం అనుకున్నారు. కానీ నవజాత శిశువుల నిద్రను, మూత్రాశయాన్ని కలిపి పరిశీలించినప్పుడు పోసేముందు వాళ్ళు కాస్త మెలకువలోకి వస్తున్నారని తేలింది. మా మనవరాలు కళ్ళకంటే ముందు కాళ్ళు కదిపేది అదే. పాదాల మీద కూర్చోవడంలోనూ ఒక కిటుకు ఉంది. మోకాళ్ళు పైకి, ముడ్డి కిందికి ఉన్నప్పుడు పేగు చివరి వంపు సాఫీ అవుతుంది. వెల్లకిలా పడుకుని ముక్కే బిడ్డ, పాదాల మీద కూర్చుంటే ఇట్టే పోతుంది. ఇందులో ఏదీ అమ్మకు ఈ మాటల్లో తెలియదు. తెలిసిందల్లా ఆమె చేతుల్లో ఉంది.

ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. నాలుగు నెలల పిల్ల పెద్దవాళ్ళలా ఆపుకోగలదని కాదు. ఒక చోటు, ఒక కూర్చునే తీరు, ఒక చప్పుడు దానికి గుర్తులవుతాయి. ఆ గుర్తులు అందగానే ఒళ్ళు వదులుతుంది, అంతే. కండరాల మీద పట్టు తర్వాత మెల్లగా వస్తుంది. అప్పటిదాకా మోసేది ఆ అలవాటే.

మరి ఇంత మామూలు పని ప్రపంచానికి ఎలా మరుగున పడింది? ఒకప్పుడు అమెరికాలోనూ పసివాళ్ళను చాలా త్వరగా కూర్చోబెట్టేవాళ్ళు. 1930లలో అక్కడి ప్రభుత్వ బాలల విభాగం అచ్చువేసి పంచిన 'ఇన్‌ఫెంట్ కేర్' పుస్తకం తొలి నెలల్లోనే దొడ్డికి అలవాటు చేయమని చెప్పింది. అయితే గడియారం చూసి చేయమంది. రోజూ అదే వేళకు, బిడ్డకు వచ్చినా రాకపోయినా. నాకు ఆ పద్ధతి గురించి తెలిసినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. 'ఇంచు' ఒక్కటే మిగిలి, బిడ్డ మాయమైన క్రియ అది. దానికి విరుగుడు రావడం సహజమే. 1962లో టి. బెర్రీ బ్రేజిల్టన్ అనే పిల్లల వైద్యుడు తాను చూసిన 1,170 మంది పిల్లల వివరాలతో ఒక పత్రం ప్రచురించాడు. బలవంతం వద్దు, బిడ్డ సిద్ధపడేదాకా ఆగండి, ఏడాదిన్నర తర్వాత మొదలుపెట్టండి అన్నాడు. భయపెట్టి కూర్చోబెట్టే ఇళ్ళకు అది మంచి మాట. సరిగ్గా అంతకు ఏడాది ముందే, 1961లో, పాంపర్స్ అనే వాడి పారేసే డైపర్ అమెరికా బజారులోకి దిగింది. ఆగమని చెప్పే వైద్యం, ఆగడానికి వీలిచ్చే సరుకు, రెండూ ఒకే కాలంలో దొరికాయి. తర్వాతి తరాలకు ఆగడమే ప్రకృతి అనిపించింది.

అలా కాని చోట్లు లేకపోలేదు. 1977లో డి వ్రీస్ దంపతులు కెన్యా తీరంలోని డిగో అనే జాతి తల్లుల గురించి రాశారు. వాళ్ళు బిడ్డ పుట్టిన తొలి వారాల్లోనే మొదలుపెడతారు. కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, "షూస్" అని చప్పుడు చేస్తారు. నాలుగైదు నెలలకల్లా బిడ్డ ఆ చప్పుడుకు, ఆ భంగిమకు స్పందించి, చాలావరకు పొడిగా ఉంటుంది. ఆ వర్ణన చదువుతుంటే ఉప్పల్‌లో మా అమ్మే కనబడింది. ఆ తల్లుల మాట ఒకటి, మన మాట ఒకటి, మధ్య ఒక మహాసముద్రం ఉంది. కూర్చున్న తీరు, ఆ చప్పుడు మాత్రం దాదాపు ఒక్కటే. వియత్నాం తల్లులు ఈల వేస్తారు. చైనాలో పిల్లలకు కింద తెరిచి కుట్టిన లాగులు వేస్తారు. అందరూ బిడ్డను చూస్తున్నారు, అందరూ ఏదో ఒక చప్పుడుతో పిలుస్తున్నారు.

ఇంగ్రిడ్ బావర్ అనే రచయిత్రి మన దేశంలో, ఆఫ్రికాలో తిరుగుతూ, డైపర్ లేని పిల్లలను ఎత్తుకుని తల్లులు నిశ్చింతగా తిరగడం చూసి, తర్వాత దాని మీద పుస్తకం రాసింది. 'ఎలిమినేషన్ కమ్యూనికేషన్' అని పేరు పెట్టింది. విసర్జన సంభాషణ అన్నమాట. ఆ పేరు మనకు బరువుగా తోచవచ్చు గానీ అందులో సంభాషణ అనే మాట నాకు నచ్చింది. మన 'పోయించడం'లో ఉన్నది అదే. ఇద్దరుంటేనే సంభాషణ.

ఇంతా చెప్పి డైపర్‌ను తిట్టబోవడం లేదు. మా మనవరాలికి రాత్రిపూట ఒకటి వేశాం, నా కూతురు నిద్రపోవాలి కనుక. యాదగిరిగుట్టకు పోయిన రోజు వేశాం. టీకాల తర్వాత జ్వరం వచ్చిన రెండు రోజులు మొత్తం వేశాం. 26 వారాల సెలవు అయిపోయాక అమ్మాయి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా దాదాపు గంట ప్రయాణం చేసి ఆఫీసుకు పోవడం మొదలుపెట్టింది. ఇంట్లో నాలాంటి తాత లేని ఆడపిల్ల అదే మెట్రోలో పక్కన నిలబడి ఉంటుంది. ఆమె బిడ్డ ఎక్కడో ఒక క్రెష్‌లో, పది మంది పిల్లల మధ్య, ఒక ఆయా చేతిలో ఉంటుంది. ఆ తల్లికి డైపర్ లేకపోతే ఉద్యోగమే లేదు. ఆమెను నిలదీసే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా ఒక్క గుడ్డ కూడా ఉతకని నా తరం మగవాళ్ళకు.

కానీ లెక్క కూడా చూడాలి. రోజుకు ఐదు చొప్పున రెండేళ్ళకు 3,650 డైపర్లు. ఒక్కోటి పది రూపాయలనుకున్నా 36,500 రూపాయలు. అవి తీసుకుపోయేది పొద్దున మా వీధికి వచ్చే స్వచ్ఛ ఆటో. ఆటోలో నిలబడి చెత్త వేరుచేసే ఆమెను నేను రోజూ చూస్తాను. వాడిన డైపర్‌ను కంపెనీవాళ్ళు ఇచ్చే సంచిలోనో, తగిన కాగితంలోనో గట్టిగా చుట్టి పొడిచెత్తలో వేయమని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. చుట్టకుండా వేసేవాళ్ళే ఎక్కువ. ఆమె చేత్తో తీసి పక్కన పెడుతుంది. ఒకసారి కురిసిన వానకు డైపర్లు ఉబ్బి, పగిలి, లోపలి జిగురు ఆటో అంచున కారుతుంటే చూశాను. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పీల్చుకునే సోడియం పాలీయాక్రిలేట్ పలుకులవి. బిడ్డ ఒంటిని పొడిగా ఉంచేది అదే, మట్టిలో తొందరగా కలవనిది కూడా అదే. నగరం చెత్త చేరే జవహర్‌నగర్ దిబ్బకు అవీ చేరతాయి. మా మనవరాలికి మెత్తగా ఉన్నది జవహర్‌నగర్ పక్కన బతికే బిడ్డ ఊపిరికి ఎలా ఉంటుందో అనుకుంటే నాకు నిద్ర పట్టదు. రోజుకు ఐదు బదులు ఒకటో రెండో అయితే అంత మేర బరువు తగ్గుతుంది. మా ఇంట్లో జరిగింది అదే. పూర్తిగా మానలేదు, తగ్గింది.

ఎండాకాలం ఇంకో సంగతి చెప్పింది. ఉప్పల్ ఎండకు మే నెలలో డైపర్ అంచు తగిలిన చోటల్లా పిల్ల తొడలు ఎర్రగా పొక్కాయి. పగలంతా విప్పేసి, నూలు లంగోటి కట్టి, చాప మీద వదిలాం. మూడు రోజుల్లో పొక్కులు వాడిపోయాయి. కట్టు లేని పిల్ల కాళ్ళు ఎంత ఎత్తుకు ఎగరేస్తుందో అప్పుడు చూశాను.

పాత రోజులన్నీ మంచివని కూడా నేను అనను. దొడ్డికి రాకపోతే తమలపాకు కాడకు ఆముదం రాసి బిడ్డ ముడ్డిలో పెట్టడం మా ఊళ్ళో చూశాను. అది చేయకూడని పని. సున్నితమైన చోట గాయమవుతుంది. అలాంటప్పుడు డాక్టరు దగ్గరికే పోవాలి. "పసిబిడ్డ దొడ్డికి దోషం లేదు" అని వాకిట్లో, మోరీ పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. దోషం ఉంది. పసివాళ్ళ మలంలోనూ రోగక్రిములు ఉంటాయి, అదే మోరీ పక్కన పాకే ఇంకో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కడ కూర్చోబెట్టినా ఆ మలం మరుగుదొడ్డిలోకే పోవాలి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పెద్దపిల్లల విషయంలో కోపాలు, దెబ్బలు కూడా ఉండేవి. పక్క తడిపిన పిల్లవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసేవాళ్ళు. బిడ్డ వీపు విల్లులా వంచి వద్దంటే ఆపేయాలి. ఆ క్షణంలో ఆపలేనివాళ్ళు ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. బలవంతం చేస్తే బిడ్డ బిగబడుతుంది, మలబద్ధకం మొదలవుతుంది, సంభాషణ అక్కడితో తెగిపోతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి. ఆ పని అంతా ఆడవాళ్ళ మీదే నడిచింది. అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ, వాళ్ళు కూలికి పోతే బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకున్న ఎనిమిదేళ్ళ అక్క. ఆ అక్కలను నేను ఎరుగుదును. మా ఊరి బడిలో నా పక్క వరుసలో కూర్చుని, ఒకరోజు నుంచి రావడం మానేసినవాళ్ళు. పొత్తిగుడ్డల మూట గురించి నేను ఇంత ప్రేమగా రాస్తున్నాను కానీ, అవి ఉతికిన చేతులకు విశ్రాంతి లేదు. ఆ రోజులు మళ్ళీ రావాలని ఎవరైనా కోరితే ముందు ఆ చేతులెవరివో చెప్పాలి.

మొన్న మల్లాపూర్ వైపు నడుస్తూ, కడుతున్న ఒక పెద్ద భవనం ముందు ఆగాను. ఒడిశా నుంచి వచ్చిన కూలీ తల్లి ఒకామె, తట్ట పక్కన పెట్టి, ఐదారు నెలల బిడ్డను తొడలు పట్టుకుని గాల్లో ఎత్తి, ఇసుక కుప్ప పక్కన, "స్స్స్" అంటోంది. ఆ భవనంలో ఫ్లాటు కొనుక్కునే వాళ్ళింట్లో ఆ చప్పుడు వినపడకపోవచ్చు. ఆమెకు తెలిసిన ఆ విద్య ఆమెకు పేదరికంతో పాటు వచ్చిందని మనం అనుకుంటాం. అలా అనుకోవడం వల్లే మధ్యతరగతి ఇళ్ళు దాన్ని సిగ్గుపడి వదిలేశాయి. కానీ ఆమెకు లేనిది ఆ విద్య కాదు. బిడ్డను కూర్చోబెట్టడానికి ఒక శుభ్రమైన చోటు, నీళ్ళ కుళాయి, పావుగంట తీరిక, ఇవి ఆమెకు లేవు. అవి మనకు ఉన్నాయి.

కాబట్టి నాకు కావలసింది చిన్నదే. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలంది. ఆ క్రెష్‌లలో డైపర్ల అలమారతో పాటు ఒక చిన్న కుండీ, ఒక కుళాయి, పిల్లలను గమనించే తీరిక ఉన్న ఆయా ఉండాలి. అంగన్‌వాడీల్లో, పురుడు జరిగే ఆసుపత్రుల్లో తల్లులకు పాలు పట్టడం నేర్పినట్టే, పోయించడం గురించీ నాలుగు మాటలు చెప్పాలి. ఆ నాలుగు మాటలు వినడానికి తండ్రులను కూడా కూర్చోబెట్టాలి. రిటైరైన తాతలు మా వీధిలోనే పది మంది ఉన్నారు. పొద్దున పార్కులో నడుస్తాం, పేపరు చదువుతాం, కాలం గడవడం లేదంటాం. మోకాళ్ళు బాగున్నవాడు ఒక పీట కొనుక్కోవచ్చు.

నా కూతురు తిరిగి ఆఫీసుకు వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం తొందర తొందరగా మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పకుండానే అడిగింది. "నాన్నా, ఏం చేసింది రోజంతా?" నేను చెప్పాను. ఎనిమిదిన్నరకు ఒకసారి, పాలు తాగాక ఒకసారి, పదకొండుకు దొడ్డికి, మధ్యాహ్నం నిద్ర లేచాక, రెండుసార్లు నాకు అందలేదు, చాప తడిపింది. చెబుతుంటే నా కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను లేని ఎనిమిది గంటలు తన బిడ్డను ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారని ఆ జాబితాలో ఆమెకు తెలిసింది. ఆమె చిన్నప్పుడు నేను డ్యూటీ నుంచి వస్తే మా అమ్మ కూడా ఇలాంటి జాబితానే చెప్పేది. నేను సగం విని చేతులు కడుక్కోవడానికి పోయేవాణ్ణి.

ఇప్పుడు మనవరాలికి ఏడాది ఐదు నెలలు. బాత్‌రూమ్‌లో చెక్కపీట పక్కన ఒక చిన్న ప్లాస్టిక్ కుండీ చేరింది. పిల్ల బరువెక్కింది, నా పాదాలు ఇక మోయలేవు. పోయిన వారం ఒక సాయంత్రం నేను హాల్లో కూర్చుని మంచం బోల్టు బిగిస్తున్నాను. అది చాప మీద గిన్నెలు పేర్చి ఆడుతోంది. ఆట బంద్ పెట్టింది. అమ్మ చెప్పింది గుర్తొచ్చి నేను స్పానర్ కింద పెట్టాను. ఈలోగా అదే లేచి, తప్పటడుగులతో నా దగ్గరికి వచ్చి, నా చూపుడువేలు పట్టుకుని, పెదాలు దగ్గరికి చేర్చి నా మొహంలోకి చూస్తూ, "ఉస్స్" అంది.

ఏడాదికి పైగా నేను దానికి చెప్పిన మాట అది. ఇప్పుడది నాకు చెబుతోంది.

వేలు పట్టుకుని బాత్‌రూమ్ దాకా తీసుకుపోయింది. లాగు నేను దించాను. కుండీ మీద అదే కూర్చుంది. అలవాటు కొద్దీ చంకల కిందికి చేతులు పెట్టబోతే తోసేసింది. నేను పీట మీద కూర్చుని ఊరుకున్నాను. ఉస్సు కూడా అనలేదు. కుండీలో చప్పుడైంది. తల వెనక్కి వాల్చి, నాలుగు నెలల వయసులో చూసినట్టే, నా మొహంలోకి చూసింది.

పక్కగదిలోంచి నా భార్య కేకేసింది. "పోయించిండ్రా?"

"లేదు" అన్నాను. "అదే పోసింది."